నాస్తికత చరిత్రను మూలాల నుంచి రాయండి: పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల సాంఘికశాస్త్ర, తెలుగు వాచకాల రచయితలకు, సంపాదకులకు,

నమస్కారం.

పోటీ పరీక్షల గైడ్లలోనైనా, తరగతి నోట్సులోనైనా పరలోకాన్ని కాదన్న ప్రాచీన భారత తాత్వికులైన చార్వాకుల పేరు రాగానే వెంటనే ఒక శ్లోకపాదం వస్తుంది: 'ఋణం కృత్వా ఘృతం పిబేత్'. అప్పుచేసైనా నెయ్యి తాగమన్నారు, భోగలాలసులు, అంతే. ఆ తర్వాత నాస్తికత మళ్లీ కనిపించేది ఐరోపా ఆధునిక యుగం దగ్గరే, పడమటి నుంచి ఓడెక్కి వచ్చిన సరుకులాగా. బడి దాటిన విద్యార్థి మనసులో చివరికి మిగిలేది ఒక్కటే: మతం మనది, నాస్తికత బయటిది. ఇది చారిత్రకంగా తప్పు. దేవుణ్ణీ పరలోకాన్నీ ప్రశ్నించినవాళ్లు ఈ దేశంలో దైవభక్తి ఎంత పాతదో దాదాపు అంత పాతవాళ్లు.

నాస్తికతను మెచ్చుకుంటూ రాయమని మేం అడగడం లేదు. ఈ నేల చరిత్రలో దానికున్న చోటును మూలగ్రంథాల ఆధారంగా, పేర్లూ కాలాలూ తప్పుపోకుండా రాయమని అడుగుతున్నాం. ఎక్కడెక్కడ తప్పులు దొర్లుతాయో, ఎందుకు దొర్లుతాయో, ఎలా తప్పించుకోవచ్చో ఈ లేఖలో వివరంగా రాస్తున్నాం.

ముందు నిర్వచనం సంగతి. 'దేవుణ్ణి నమ్మనివాడు నాస్తికుడు' అన్న వాక్యం ఇవాళ్టి వాడుకకు సరిపోతుంది, ప్రాచీన భారతానికి సరిపోదు. పాణిని 'అస్తి నాస్తి దిష్టం మతిః' (4.4.60) అనే సూత్రంతో ఆస్తిక, నాస్తిక, దైష్టిక పదాలను సాధించాడు. 'ఉంది' అనేవాడు, 'లేదు' అనేవాడు, అంతా విధి అనేవాడు. ఏది ఉంది, ఏది లేదు అని అడిగితే పాణిని సూత్రాల మీది పాత వ్యాఖ్య కాశికావృత్తి చెప్పే జవాబు పరలోకం. దేవుడి ప్రసక్తి అక్కడ లేదు. మనుస్మృతికి వచ్చేసరికి (2.11) కొలత మారిపోయింది: 'నాస్తికో వేదనిందకః'. వేదాన్ని నిందిస్తే నాస్తికుడు, కాబట్టి బౌద్ధులూ జైనులూ నాస్తికులే. 8వ శతాబ్దపు జైన పండితుడు హరిభద్రుడు దీన్ని ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో బౌద్ధమూ జైనమూ ఆస్తిక వాదాలే. లోకాయతం, అంటే చార్వాకుల దర్శనం, ఒక్కటే బయట నిలిచింది.

మూడు కొలతలు ఇలా కలగలిసిపోయాయి కనుకనే 'ఆరు ఆస్తిక దర్శనాలు దేవుణ్ణి నమ్ముతాయి, మిగతావి నమ్మవు' అనే తప్పు పట్టిక పుట్టింది. ఆ ఆరింటిలో ఒకటైన సాంఖ్యం మూలగ్రంథం సాంఖ్యకారికలు సృష్టికర్త అవసరం లేకుండానే ప్రకృతి పరిణామాన్ని వివరిస్తాయి. సాంఖ్యసూత్రాల్లో 'ఈశ్వరాసిద్ధేః' (1.92) అని నేరుగానే ఉంది. వేదకర్మలను సమర్థించే మీమాంస దర్శనానికి చెందిన కుమారిల భట్టు సృష్టికర్త భావనను ఎంత గట్టిగా నిలదీశాడో చూడండి: శరీరం లేనివాడు ఎలా సృష్టిస్తాడు? దయతో సృష్టించాడంటే, ప్రాణులే లేనప్పుడు ఆ దయ ఎవరి మీద? దయే కారణమైతే లోకంలో సుఖం ఒక్కటే ఉండాలి కదా? ఇంత అడిగిన కుమారిలుడు వేదప్రామాణ్యాన్ని మాత్రం ప్రాణప్రదంగా కాపాడాడు. అంటే ఆయన ఆస్తికుడూ, నిరీశ్వరవాదీ కూడా. పదో తరగతి పిల్లలకు ఇది కష్టమనుకోవద్దు. పట్టికలో మూడు నిలువు గడులు పెట్టండి: వేదప్రామాణ్యం, సృష్టికర్త, పరలోకం లేదా పునర్జన్మ. సాంఖ్యానికి అవును, కాదు, అవును. మీమాంసకూ అంతే. బౌద్ధానికి కాదు, కాదు, అవును. ఉదయనాచార్యుడి నాటి న్యాయదర్శనానికి మూడూ అవును. లోకాయతానికి మూడూ కాదు. ఈ ఒక్క పట్టికతో గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

ఇవాళ్టి మాటలకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. దేవుడు లేడనేవాడు నాస్తికుడు. ఉన్నాడో లేడో తెలుసుకునే మార్గం లేదనేవాడు అజ్ఞేయవాది. ఏ మాటనైనా కారణం, ఆధారం చూసి ఒప్పుకుంటాననేవాడు హేతువాది. రాజ్యం మతానికి దూరంగా ఉండాలనేవాడు లౌకికవాది. లౌకికవాది నిత్యం పూజ చేసే భక్తుడూ కావచ్చు. ఈ నాలుగింటినీ ఒకే గాట కడితే పౌరశాస్త్రం పాఠంలో లౌకికరాజ్యం అంటే నాస్తికరాజ్యమనే అపోహ పుడుతుంది. దాన్ని తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

ఇక ఆధారాల సంగతి. పాఠం నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. లోకాయతుల మూలసూత్రాలు పూర్తి గ్రంథంగా మనకు దక్కలేదు. ఖండించడానికి ప్రత్యర్థులు ఉటంకించిన ముక్కలు దక్కాయి. ఎక్కువమంది ఆధారపడేది 14వ శతాబ్దపు మాధవాచార్యుడి సర్వదర్శనసంగ్రహం మొదటి అధ్యాయం మీద. ఆ అధ్యాయంలోనే శ్లోకం రెండు రూపాల్లో ఉందని చాలామంది గమనించరు. మొదట్లో ఉన్నది ఇది: 'యావజ్జీవం సుఖం జీవేన్నాస్తి మృత్యోరగోచరః, భస్మీభూతస్య దేహస్య పునరాగమనం కుతః'. బతికినన్నాళ్లూ సుఖంగా బతకాలి, మృత్యువుకు అందనిదంటూ ఏదీ లేదు, బూడిదైన దేహం తిరిగి రావడం ఎక్కడిది అని అర్థం. ఇందులో అప్పూ లేదు, నెయ్యీ లేదు. అవి అధ్యాయం చివర వచ్చే రూపంలో కనిపిస్తాయి. మాధవుడికి సుమారు ఐదు శతాబ్దాల ముందు కాశ్మీర న్యాయదర్శన పండితుడు జయంత భట్టు ఉటంకించింది మృత్యువు గురించిన రూపాన్నే. మరణం గురించి చెప్పిన ఒక గంభీరమైన మాట ప్రత్యర్థుల నోట్లో పడి వెక్కిరింతగా మారిన తీరు ఇది. దీన్ని తరగతిలో చూపిస్తే పిల్లలకు చార్వాకుల గురించే కాక చరిత్ర ఆధారాలను ఎలా చదవాలో కూడా తెలుస్తుంది. రెండు రూపాలనూ పక్కపక్కన అచ్చువేయండి.

ఏ ఉటంకింపు వాడినా దాని కింద నాలుగు వివరాలు ఇవ్వమని మా మనవి: రాసినవారి పేరు, శతాబ్దం, ఆయన ఏ సంప్రదాయంవాడు, ఆ మాటను ఒప్పుకుంటూ రాశాడా, ఖండించడానికి ఎత్తుకున్నాడా. ఈ నాలుగు లేని ఉటంకింపు పుస్తకంలో ఉండకూడదు. చార్వాకుల విషయంలో నాలుగో వివరం దాదాపు ప్రతిసారీ 'ఖండించడానికి' అనే వస్తుంది. అదే పిల్లలు గమనించాల్సింది.

ప్రత్యర్థుల గ్రంథాల్లోంచే మెరుగైన బొమ్మను కూడా వెలికితీయవచ్చు. చార్వాకులు ప్రత్యక్షం (ఇంద్రియాలకు నేరుగా తెలిసేది) తప్ప ఏదీ ఒప్పుకోలేదని, పొగ చూసి నిప్పుందనుకోవడాన్ని కూడా కాదన్నారని రాస్తుంటారు. బౌద్ధుడైన కమలశీలుడు తన వ్యాఖ్యలో పురందరుడనే చార్వాకుడి మాట నమోదు చేశాడు: లోకవ్యవహారంలో చెల్లే అనుమానప్రమాణాన్ని (కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించడాన్ని) మేమూ ఒప్పుకుంటాం, ఆ హద్దు దాటి పరలోకం దాకా లాగితే ఒప్పుకోం. ఇది తెలివితక్కువ వాదన కాదు. చూసి సరిచూసుకునే వీలున్న చోట ఊహను నమ్మవచ్చు, వీలులేని చోట నమ్మలేం అంటున్నాడు. చైతన్యం గురించి వాళ్ల సూత్రం 'కిణ్వాదిభ్యో మదశక్తివత్'. విడివిడిగా మత్తు లేని పదార్థాలు కలిసి పులిస్తే మత్తు పుట్టినట్టు, మట్టి, నీరు లాంటి భూతాలు దేహంగా కూడినప్పుడు చైతన్యం పుడుతుందని. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆన్వీక్షికి కింద సాంఖ్యం, యోగం, లోకాయతం మూడింటినీ చేర్చింది. అంటే రాజకుమారులు నేర్చుకోదగ్గ తర్కవిద్యల్లో అదొకటి.

ఇక్కడ జయరాశి భట్టు పేరు తప్పకుండా రావాలి. 8వ శతాబ్దం ప్రాంతానికి చెందిన ఆయన తత్త్వోపప్లవసింహం 1926లో గుజరాత్‌లోని పాటణ్‌లో తాళపత్ర ప్రతిగా దొరికింది, 1940లో బరోడాలో అచ్చయింది. ఆయన లోకాయతుడా, ఏ ప్రమాణాన్నీ (తెలుసుకునే సాధనాన్నీ) మిగల్చని సంశయవాదా అనే చర్చ పండితుల్లో ఉంది కాబట్టి 'చార్వాకుల ఏకైక గ్రంథం' అని ఢంకా బజాయించి రాయకండి. దాన్ని శతాబ్దాలపాటు భద్రపరచింది జైన గ్రంథభాండారం. తమ సిద్ధాంతాన్ని కూడా తుత్తునియలు చేసే పుస్తకాన్ని జైనులు చెదలు పట్టనివ్వకుండా దాచారు. మతాల మధ్య సంబంధాల గురించి పిల్లలకు చెప్పదగిన విషయం ఇంతకన్నా ఏముంటుంది?

ఇంకా వెనక్కి వెళ్తే ఋగ్వేదంలోనే సందేహం వినిపిస్తుంది. 'ఇంద్రుడు లేడు అంటున్నారు కొందరు, అతన్ని ఎవరు చూశారు, ఎవరిని స్తుతించాలి' అని ఎనిమిదో మండలంలో ఉంది (8.100.3). అక్కడ ఇంద్రుడే వచ్చి నేనున్నానని చెబుతాడు. కానీ జవాబు చెప్పాల్సిన అవసరం పడిందంటే అడిగేవాళ్లు ఉన్నారన్నమాట. నాసదీయ సూక్తం (10.129) సృష్టి ఎలా పుట్టిందో పై నుంచి చూసేవాడికి తెలుసేమో, లేక అతనికీ తెలియదేమో అని ముగుస్తుంది. దాన్ని నాస్తిక సూక్తమని రాయకండి, అది సంశయం. కఠోపనిషత్తులో నచికేతుడు యముణ్ణి అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే: మనిషి పోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, నిజం ఏమిటి? బుద్ధుడి కాలానికి ఈ 'ఉండడు' అనే పక్షానికి పేరున్న బోధకులు ఉన్నారు. బౌద్ధుల పాళీ గ్రంథమైన దీఘనికాయంలోని సామఞ్ఞఫలసుత్తంలో అజిత కేశకంబలి మాట ఉంది: మనిషి నాలుగు భూతాల కూడిక, చనిపోతే మట్టి మట్టిలో, నీరు నీటిలో కలుస్తాయి.

అదే నికాయంలోని పాయాసిసుత్తం మీద ఒక పూర్తి పీరియడ్ పెట్టవచ్చు. పాయాసి అనే పాలకుడు పరలోకం ఉందో లేదో పరీక్షించానంటాడు. చనిపోబోతున్న బంధువులను, అక్కడికి వెళ్లాక వచ్చి చెప్పమన్నాడు, ఎవరూ రాలేదు. మరణశిక్ష పడ్డ దొంగను జాడీలో పెట్టి మూత బిగించి, చచ్చాక మెల్లగా తెరిచి చూశాడు, జీవుడు బయటికి పోవడం కనిపించలేదు. మరొకణ్ణి చంపకముందూ చంపాకా తూచాడు, బరువు తగ్గలేదు సరికదా పెరిగిందన్నాడు. బౌద్ధ భిక్షువు కుమారకస్సపుడు ఒక్కోదానికీ ఉపమానాలతో జవాబిచ్చి చివరికి పాయాసిని ఒప్పిస్తాడు. ఈ కథ రాసినవాళ్లు బౌద్ధులు, వాళ్ల పక్షం గెలవడం సహజం. తరగతిలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఈ పరీక్షల్లో లోపాలేమిటి? శవం బరువు నిజంగా పెరుగుతుందా? మనుషుల మీద ఇలాంటి పరీక్ష చేయడం నేరం కాదా? కథలో హింస ఉంది కాబట్టి తొమ్మిదో తరగతి కన్నా ముందు పెట్టవద్దు.

రామాయణంలో జాబాలి ఘట్టం పిల్లలకు దగ్గరది. అయోధ్యకాండ 108వ సర్గలో జాబాలి రాముడితో శ్రాద్ధాన్ని తప్పుబడతాడు: ఇక్కడ ఒకరు తింటే వేరేచోట ఉన్నవారి కడుపు నిండుతుందా, అలాగైతే ప్రయాణంలో ఉన్నవాడికీ ఇంట్లో పెట్టవచ్చు కదా? రాముడు కోపించి నాస్తికతను తిరస్కరిస్తాడు, జాబాలి తాను నాస్తికుణ్ణి కానని వెనక్కి తగ్గుతాడు. ఘట్టం మొత్తం చెప్పాలి. సగం చెప్పి రామాయణం నాస్తికతను బోధించిందన్నా తప్పే, అసలు చెప్పకుండా దాటేసినా తప్పే. బుద్ధుణ్ణి దొంగతో పోల్చే శ్లోకం 109వ సర్గలో ప్రచలిత ప్రతుల్లో ఉంటుంది. రాతప్రతులన్నింటినీ పోల్చి తయారుచేసిన బరోడా సంశోధిత ప్రతి దాన్ని మూలపాఠంలోకి తీసుకోలేదు. కాబట్టి దాన్ని వాల్మీకి మాటగా ఉటంకించవద్దు.

ప్రపంచ చరిత్రకు ఒక పేజీ చాలు. ఆ పేజీలో మూడు విషయాలు ఉంటే మేలు. ఒకటి, నాస్తికుడనే నింద ఎవరు ఎవరి మీద వేశారన్నది కాలాన్ని బట్టి మారుతుంది: క్రీ.పూ. 399లో నగరదేవతలను గుర్తించడం లేదని సోక్రటీసు మీద అభియోగం మోపారు, 2వ శతాబ్దపు రోములో దేవతలను పూజించడం లేదని క్రైస్తవులనే నాస్తికులన్నారు. రెండు, చార్వాకుల గతే ఇతర చోట్లా పట్టింది: 9వ శతాబ్దపు ఇబ్న్ అల్ రావందీ ప్రవక్తల భావనను విమర్శిస్తూ రాసినవి ప్రత్యర్థుల ఖండనల్లోంచే మనకు తెలుస్తున్నాయి. చైనాలో 5, 6 శతాబ్దాల నాటి ఫాన్ జెన్ కత్తికి పదునెలాగో దేహానికి ఆత్మ అలాగని, కత్తి పోతే పదును మిగలదని వాదించాడు. కిణ్వసూత్రం పక్కన దీన్ని పెట్టి చూపండి. మూడు, నాస్తికత పేరుతో జరిగిన బలవంతం. అల్బేనియా 1967లో మసీదులూ చర్చీలూ మూయించి తనను నాస్తిక రాజ్యంగా చెప్పుకుంది, ప్రార్థన చేసినవాళ్లను శిక్షించింది. దీన్ని దాచి రాసే పాఠాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. 1697లో ఎడిన్‌బరో విద్యార్థి థామస్ ఐకెన్‌హెడ్‌ను దైవదూషణకు ఉరితీయడం, 2014లో సౌదీ అరేబియా నాస్తికతను ఉగ్రవాద నిబంధనల్లో చేర్చడం ఒక పక్కన ఉంటే, అల్బేనియా రెండో పక్కన ఉండాలి. రెండు చోట్లా మనస్సాక్షి మీదికి పోలీసు వచ్చాడు.

మన తెలుగు నేల దగ్గరికి వస్తే తప్పులు వేరే రకంగా ఉంటాయి. పాతవాటిని విమర్శించిన ప్రతి ఒక్కరినీ నాస్తికుల జాబితాలో వేసే ఉత్సాహం కనిపిస్తుంది. వేమన విగ్రహాలనూ తంతులనూ చెండాడాడు, కానీ చిత్తశుద్ధి లేని శివపూజ ఎందుకన్నవాడు శివుణ్ణి కాదనలేదు. వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించింది ఏకేశ్వరారాధకుడిగానే. వీళ్లను నాస్తికులంటే వాళ్లకూ అన్యాయమే, చరిత్రకూ అన్యాయమే.

త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943)ని హేతువాదిగా రాయండి. ఆయన పురాణాలను వాటి లోపలి వైరుధ్యాలతోనే నిలదీశారు. 1920లో వచ్చిన శంబుకవధ శూద్ర తపస్వి తల నరికిన కథను రాజకీయ హత్యగా చదివింది. పురోహితుడి సంస్కృతానికి బదులు వధూవరులకు అర్థమయ్యే తెలుగులో పెళ్లి జరిపే విధానాన్ని రాసి, అలాంటి పెళ్లిళ్లు స్వయంగా జరిపించారు. పద్యంలో దిట్ట కనుక ఛందస్సు, అలంకారాల పాఠంలో కూడా ఆయన పద్యాలకు చోటివ్వవచ్చు.

గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు (1902-1975), ప్రపంచ నాస్తిక ఉద్యమ చరిత్రలో నిలిచిన తెలుగువాడు. వృక్షశాస్త్ర అధ్యాపకుడు, నాస్తికత కారణంగా 1930లలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు, 1947లో అది విజయవాడకు మారింది. 1972లో తొలి ప్రపంచ నాస్తిక మహాసభ అక్కడే జరిగింది. సరస్వతీ గోరా (1912-2006)ను భార్యగా ఒక్క ముక్కలో ముగించకండి. అస్పృశ్యత నిర్మూలనలోనూ, కేంద్రం నడపడంలోనూ ఆమెది సమాన పాత్ర. ఆయన మరణం తర్వాత మూడు దశాబ్దాలు ఆమె ఆ పనిలో ఉన్నారు. గోరా నాస్తికతలో దేవుడు లేడనే వాదన కన్నా ఎక్కువ చోటు కులం కూలగొట్టే పనిది. అన్ని కులాలవాళ్లూ కలిసి కూర్చుని తినే భోజనాలు, కులాంతర వివాహాలు, మూఢనమ్మకాల గుట్టువిప్పే ప్రదర్శనలు. అంతా విధి అనుకునే మనిషి తన బతుకు మార్చుకోవడానికి పూనుకోడని, నాస్తికత మనిషిని తన పనికి తనే బాధ్యుణ్ణి చేస్తుందని ఆయన వాదన.

గాంధీతో ఆయన సంభాషణలు పాఠానికి బంగారం లాంటి సరుకు. ఒకరు దైవభక్తుడు, మరొకరు నాస్తికుడు, ఇద్దరూ అస్పృశ్యత మీద కలిసి పనిచేశారు. గోరా కూతురి కులాంతర వివాహాన్ని సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు వాడడానికి కూడా ఒప్పుకున్నారు. హత్య వల్ల ఆయన ఉండలేకపోయారు, పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. భగత్‌సింగ్ 1930లో లాహోర్ జైల్లో తన నాస్తికతకు కారణాలు రాసిన వ్యాసం, 1925 నుంచి పెరియార్ నడిపిన ఆత్మగౌరవ ఉద్యమం దీని పక్కన ఉంటే, స్వాతంత్ర్యోద్యమ కాలంలో నాస్తికత ఒకే రకంగా లేదని పిల్లలకు అర్థమవుతుంది.

పౌరశాస్త్ర భాగానికి రాజ్యాంగసభ నుంచి మొదలుపెట్టండి. 1949 అక్టోబరు 17న ప్రవేశిక చర్చలో హెచ్.వి. కామత్ 'దేవుడి పేరిట' అన్న మాట చేర్చాలని సవరణ తెచ్చారు. ఓటింగు జరిగింది. అనుకూలం 41, వ్యతిరేకం 68. ఆలోచన, విశ్వాసం, ఆరాధన స్వేచ్ఛ అందరికీ ఇస్తామంటున్న ప్రవేశికకు అది పొసగదని హృదయనాథ్ కుంజ్రూ అభ్యంతరం చెప్పారు. మూడో షెడ్యూలులోని ప్రమాణాలకు రెండు రూపాలున్నాయి, 'దైవసాక్షిగా' ఒకటి, 'ఆత్మసాక్షిగా' మరొకటి. మంత్రుల ప్రమాణస్వీకారం టీవీలో చూసిన పిల్లలకు ఈ తేడా చెవిన పడే ఉంటుంది. బ్రిటిష్ నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా 1880లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికై, ప్రమాణం పేచీ వల్ల 1886 దాకా సక్రమంగా సభలో కూర్చోలేకపోయాడని చెబితే ఆ రెండో మాట విలువ తెలుస్తుంది. ఆయనే 1889లో బొంబాయి కాంగ్రెసు సభలకు వచ్చాడు. కోర్టు సాక్షికి ఇదే వెసులుబాటు 1969 ప్రమాణాల చట్టంలో ఉంది.

రాజ్యాంగం 25వ అధికరణం మొదట చెప్పేది మనస్సాక్షి స్వేచ్ఛ, మతస్వేచ్ఛ దాని వెంట వస్తుంది. ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు అందులోనే ఉందని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది. జనన నమోదు దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే గడి పెట్టమని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. 2011 జనగణనలో మతం చెప్పనివారు సుమారు 28.7 లక్షలు. వీళ్లంతా నాస్తికులని రాయకండి, 'చెప్పలేదు' అన్న గడిలో రకరకాల వాళ్లుంటారు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. 'నమ్మకం లేకపోతే మతం లేదని రాసేయవచ్చు' అని తేలిగ్గా రాసే వాక్యం కొందరు పిల్లలకు నష్టం చేయగలదు. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు (1956 నుంచి), బౌద్ధ (1990 నుంచి) మతాలు కాక వేరే మతం అవలంబించేవారికి ఎస్సీ గుర్తింపు ఉండదు. దరఖాస్తులో మతం గడి మార్చిన దళిత విద్యార్థి కులధ్రువీకరణ దగ్గర చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది. షెడ్యూల్డు తెగలకు ఈ షరతు లేదు. కాబట్టి హక్కు గురించి చెప్పిన పేజీలోనే ఈ చిక్కునూ చెప్పాలి, ఉపాధ్యాయుడు పిల్లల చేత ఏ ఫారమూ నింపించకూడదని కూడా రాయాలి.

పెళ్లి విషయంలోనూ కచ్చితత్వం కావాలి. దండలు మార్చుకుని, తర్వాత హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయిస్తే సరిపోతుందనే నమ్మకం చాలా చోట్ల ఉంది. ఆ చట్టం 7వ సెక్షను ఆచారప్రకారం తంతు జరగాలంటుంది. తంతు జరగకుండా రిజిస్ట్రేషను మాత్రమే చేస్తే అది చెల్లే హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు తమిళనాడు 1967లోనే 7ఎ సెక్షను తెచ్చుకుంది, మన రెండు రాష్ట్రాల్లో అలాంటిది లేదు. కాబట్టి మతతంతు వద్దనుకునే జంటకు దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లా వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి, అది ప్రకటించాక 30 రోజులు అభ్యంతరాలకు గడువు, తర్వాత ముగ్గురు సాక్షుల ముందు ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పి సంతకాలు చేయాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి రావాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇదే పనికి 1872లో వచ్చిన పాత చట్టం 'నేను హిందువును కాను, క్రైస్తవుణ్ణి కాను, ముస్లింను కాను' అని వరసగా మతాలన్నింటినీ వదులుకుంటున్నట్టు రాయించేది. 1954 చట్టం ఆ షరతు తీసేసింది. ఆస్తి హక్కు గురించి కూడా ఒక వాక్యం వేయండి: హిందూ కుటుంబంలో పుట్టిన ఇద్దరు ఈ చట్టం కింద చేసుకుంటే, 1976లో చేర్చిన 21ఎ సెక్షను వల్ల వారి వారసత్వం హిందూ వారసత్వ చట్టం కిందే ఉంటుంది.

పాఠం పెట్టాక ఫిర్యాదులు వస్తాయి. ఆ భయంతోనే చాలా పుస్తకాలు ఈ విషయాన్ని వదిలేస్తాయి. అందుకే ఉపాధ్యాయ కరదీపికలో చట్టపరమైన పునాది ముందే రాసిపెట్టండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతుంది. మతాల గురించి చదవడం మతబోధ కాదని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. నాస్తికత గురించి చదవడానికీ అదే కొలత వర్తిస్తుంది, దాని ప్రచారానికి వర్తించదు. శాస్త్రీయ దృక్పథం పెంపొందించడం 51ఎ(హెచ్) కింద పౌరుడి ప్రాథమిక విధి. భారతీయ న్యాయసంహిత 299వ సెక్షను, అంటే పాత 295ఎ, కావాలని దురుద్దేశంతో మతభావాలను అవమానించడాన్ని శిక్షిస్తుంది. ఆధారాలతో, నిందావాక్యాలు లేకుండా రాసిన చరిత్ర పాఠం దాని కిందికి రాదు. పాఠంలో దేవతల గురించి ఎగతాళి చిత్రాలు, వ్యంగ్య సంభాషణలు పెట్టకండి. చార్వాకులకు ప్రత్యర్థులు చేసిన పనే మనం మళ్లీ చేసినట్టవుతుంది.

నాలుగు పీరియడ్లు చాలు. మొదటిదానికి మూడు గడుల పట్టిక, రెండోదానికి శ్లోకం రెండు రూపాలూ జాబాలీ పాయాసీ, మూడోదానికి త్రిపురనేని, గోరా, నాలుగోదానికి రాజ్యాంగం. 'నీకు దేవుడున్నాడా?' అన్న ప్రశ్న తరగతిలో ఎప్పుడూ రాకూడదు, చేతులెత్తించడం అసలే కూడదు. పరీక్షలో అభిప్రాయం అడిగే ప్రశ్నలు వద్దు. 'కుమారిలుడు ఆస్తికుడు, నిరీశ్వరవాది కూడా. ఎలా?', 'ఇచ్చిన రెండు శ్లోకరూపాల్లో ఏది ముందరిదో చెప్పడానికి ఏ ఆధారం చూస్తారు?', 'రాజ్యాంగసభలో 41-68 ఓటు దేని మీద?' లాంటివి అడగండి. భక్తుల ఇంటి పిల్లలూ నాస్తికుల ఇంటి పిల్లలూ వీటికి ఒకే జవాబు రాసి ఒకే మార్కులు తెచ్చుకోగలరు.

చిత్తుప్రతి సిద్ధమయ్యాక ప్రతి ఉటంకింపును మూలంతో, సర్గ, సూత్ర సంఖ్యలతో సరిచూసే పని మేం చేసిపెడతాం. సంస్కృతం, పాళీ, చట్టం తెలిసినవాళ్లు మాలో ఉన్నారు. దానికి పారితోషికం అక్కర్లేదు, పుస్తకంలో పేర్లూ అక్కర్లేదు.

ఇట్లు,
భారతీయ నాస్తికత చరిత్రను చదువుతూ, బోధిస్తున్న కొందరం